తల్లి ఇచ్చిన కాపలా

జ్వరం దిగిందని తెలిసినప్పటి నుంచీ ఆ పిల్లల వార్డులో మొహం మాడ్చుకుని కూర్చున్నది పాప తల్లి ఒక్కతే. మిగతా అందరికీ పండగే. భర్త వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, దిగిందండీ, తెల్లారేసరికి దిగిపోయింది, ఒళ్ళు చల్లగా ఉంది, అని చుట్టాలందరికీ ఫోన్లలో చెప్పి చెప్పి గొంతు బొంగురు చేసుకున్నాడు. అత్తగారు ఉన్నిటోపీ, గిలక్కాయ, ఉతికిన గుడ్డలు సంచిలో కుక్కేస్తూ, ఇల్లు ఏ గతిన ఉందో ఏమో, వెళ్ళగానే ముందు ఊడ్చుకోవాలి, అని తనలో తాను గొణుక్కుంటోంది. ఒళ్ళు చల్లగా ఉందట! ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా పాప తల్లి దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి పిల్ల పాదాలు తడుముతోంది. ఈ డెంగీ జబ్బులో ఒళ్ళు కాలుతున్నంతసేపూ అంత భయపడనక్కర్లేదు, అసలు కథ మొదలయ్యేది చల్లబడ్డాకే. వేడి దిగిన పూటే రక్తనాళాల గోడలు చెమ్మ ఊరడం మొదలుపెడతాయి, రక్తంలో ఉన్న నీరు పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ జారిపోతుంది, మిగిలిన రక్తం చిక్కబడి, కదల్లేక, మెల్లగా... ఆ వాక్యం పూర్తిచేసే ధైర్యం ఆమెకు లేదు. పదేళ్ళుగా విద్యార్థులకు ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు అప్పజెప్పిందో, బోర్డు మీద బొమ్మ వేసి బాణాలు కూడా గీసేది. ఇప్పుడు ఆ బాణాలన్నీ ఒళ్ళో పడుకున్న ఏడు నెలల పిల్ల మీద గుచ్చుకున్నాయి. రక్తం సరిగ్గా ఆడుతోందో లేదో చూద్దామని పాప కాలి బొటనవేలు రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. గోరు కింద తెల్లబడింది. వదిలింది. ఎరుపు తిరిగొచ్చింది గానీ తీరిగ్గా, ఎవరో బతిమాలితే వచ్చినట్టు వచ్చింది.

ఇందాకే రక్తం తీసుకెళ్ళారు. గంటలో చిక్కదనం ఎంతో చెబుతామన్నారు. ఆ గంటే ఇప్పుడు నడుస్తోంది, నడవడం కూడా కాదు, డేకుతోంది. నర్సమ్మ వచ్చి, పాప పొద్దున్నుంచి గుడ్డ తడిపిందా అని అడిగింది. లేదని చెప్పింది. నర్సమ్మ చీటీలో సున్నా చుట్టి, దాని కింద రెండు గీతలు కొట్టింది. కిటికీ అవతల ఎవరో బండి స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. పక్క మంచం పిల్లవాడి తండ్రి యాపిల్ పండు తొక్క తెగకుండా గీకాలని పంతం పట్టి కూర్చున్నాడు, వాడి కొడుక్కి కాలు విరిగింది, ఎంత అదృష్టం, కాలు విరిగితే ఎముక కనిపిస్తుంది, ఫొటో తీసి చూపిస్తారు, ఇక్కడ విరిగింది అంటారు, ఏ మెట్టు మీంచి పడ్డాడో కూడా చెప్పగలరు. ఆమెకూ అలాంటి మెట్టు ఒకటి కావాలి. ఎక్కడ జారామో వేలెత్తి చూపించడానికి ఒక మెట్టు ఉంటే, దాన్ని తిట్టుకుంటూ మనిషి బతికెయ్యొచ్చు.

అత్తగారికి మాత్రం ఆ మెట్టు మొదటిరోజే దొరికేసింది. రోజూ ఆ పురుగుల్తో చెలగాటాలాడి, ఆ చేతుల్తోనే బిడ్డనెత్తుకుంటే ఇంకేమవుతుంది అని, కోడలికి చెప్పకుండా కోడలికి వినపడేలా గోడతో చెప్పింది. ఆవిడ దృష్టిలో కోడలి ల్యాబు అంటే తలుపు తీస్తే జబ్బులు బిలబిలమంటూ బయటికొచ్చే కొట్టుగది, కోడలు చీరకొంగుకు అంటించుకుని ఇంటికి మోసుకొస్తుంది. ఇది అంటుకునే జబ్బు కాదత్తయ్యా, దోమ కుట్టాలి, కుట్టిన దోమలో అది ఉండాలి, మేం రెండు తలుపుల వెనక, చేతులకు తొడుగులేసుకుని, గాలి లోపలికి పీల్చే అద్దాలపెట్టెలో చేతులు పెట్టి పని చేస్తాం, అని ఎంత చెప్పినా ఆవిడ చెవిన వేసుకోలేదు. భర్తనడిగితే నీళ్ళు నమిలాడు. అమ్మ చెప్పేదీ కొంత ఆలోచించాలిగా అన్నాడు. ఏం కొంత? ఆలోచనలో కొంతా పావూ ఉంటాయా? ఆ రోజు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇవాళ మంట కూడా లేదు. వాళ్ళు తప్పు గుమ్మం ముందు నిలబడి తిడుతున్నారు, సరైన గుమ్మం ఎక్కడుందో తెలిసినది తనొక్కతే, ఆ తలుపు తీస్తే లోపల ఉన్నది తనే.

ఎంత ఇష్టపడి చదువుకుందో వాటి గురించి! ఆ వైరసులన్నిటికీ ఒకటే ఇంటిపేరు, ఫ్లావి. పచ్చజ్వరం తెచ్చేది, మెదడువాపు తెచ్చేది, కడుపులో పిల్లల తలలు చిన్నవైపోయేలా చేసేది, డెంగీ తెచ్చే నలుగురు అన్నదమ్ములు, అందరూ ఒకే వంశం. అవి ఇంట్లోకి గోడ పగలగొట్టుకుని రావు, అదే వాటి చాకచక్యం. తలుపు దగ్గర నిలబడితే కణమే సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది, అరిగించుకుందామని సంచిలో పులుపు పెంచుతుంది, ఆ పులుపు తగలగానే వైరసు పైపొర ఆకారం మార్చుకుని సంచి గోడతో కలిసిపోయి తన జన్యువుల రాతంతా కణంలోకి ఒంపేస్తుంది. ఇక కణం తన పని మానేసి దాని పిల్లల్ని కంటూ కూర్చుంటుంది. మొదటిసారి ఈ పాఠం విన్నప్పుడు ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది, ఎంత అందంగా ఉందే అనుకుంది. అందమట, సిగ్గులేకపోతే సరి. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆ నలుగురిలో ఒకడు ఆమెకు వచ్చిపోయాడు కూడా. ఒళ్ళంతా రోకలితో దంచినట్టుంటే వారం రోజులు మంచానికి అతుక్కుపోయింది, గది స్నేహితురాలు నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ పరీక్ష ప్రశ్నలు చదివి వినిపించేది. తగ్గిపోయింది. లేచి తిరిగింది. ఇంట్లో వాళ్ళకు మామూలు జ్వరమని చెప్పింది, పెళ్ళయ్యాక ఇక్కడా ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. ఎవరు మాత్రం చిన్నప్పటి జ్వరాల పట్టీ పట్టుకుని కాపురానికొస్తారు?

కానీ ఒళ్ళు మరిచిపోదు. ఒకసారి వచ్చినవాడి మొహం ఒంటికి జన్మంతా గుర్తు. రక్తంలో యాంటీబాడీలనే కాపలావాళ్ళు తయారై, మళ్ళీ వాడే కనిపిస్తే చుట్టూ కమ్ముకుని కదలకుండా పట్టేస్తారు. ఆమె రక్తంలో ఆ కాపలా ఎంత గట్టిదంటే, ల్యాబులో పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఆమె రక్తం పైన తేలే తేటను, సీరాన్నే వాడేవాళ్ళు. వాళ్ళ దగ్గర అదొక అలవాటు, బయట కొనేకన్నా మన మనుషుల్లో ఎవరి రక్తం బావుంటే వాళ్ళ చెయ్యి చాపించడం. ఫ్రీజరులో ఆమె గొట్టాలకు ప్రత్యేకంగా ఒక అర ఉండేది. మేడం రక్తం తాగితే దోమకే జ్వరం తగ్గిపోతుంది అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ప్రొఫెసరు గారైతే బయటినుంచి ఎవరొచ్చినా, మా సీరం చూడండి, అని చూపించేవాడు, మా అమ్మాయిని చూడండి అన్నట్టు. ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది. ఉండదా మరి? ఒంట్లో పుట్టినదే కదా.

ఆ గర్వం మీదే ఒకరోజు ఒక ప్లేటు పెట్టింది. చిన్న చిన్న గుంటలు వరసగా ఉన్న పలక, ప్రతి గుంటలోనూ తెల్లకణాలు, ఒకే కొలత వైరసు. అది ఆమెకు వచ్చినవాడు కాదు, వాడి తమ్ముడు. మొదటి గుంటలో తన సీరం చిక్కగా, పక్కదాంట్లో కాస్త పలచగా, ఆ పక్కన ఇంకా పలచగా, చివరికి సీరమే లేని గుంట. వైరసు దూరిన కణాలు పచ్చగా మెరుస్తాయి. చిక్కటి వైపు చీకటిగా ఉంది, భేష్, తన కాపలా తమ్ముణ్ణి కూడా ఆపేసింది. చివరి గుంటలో కొన్ని మెరుపులు, అదీ అనుకున్నదే. కానీ మధ్యలో, కాపలా పలచబడ్డ చోట, గుంటలకు గుంటలే పచ్చగా వెలిగిపోతున్నాయి, అసలు కాపలాయే లేనిచోట కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా. కొలత తప్పు పోశాను కాబోలు అనుకుని, ఎవరైనా చూస్తే నవ్విపోతారని ప్లేటు గబగబా చెత్తలో పడేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. ఇంకోసారి. చివరికి తలొంచుకుని ప్రొఫెసరు గారికి చూపిస్తే ఆయన పొట్టచెక్కలయ్యేలా నవ్వి, తప్పు నీ చేతిలో లేదు తల్లీ, నీ రక్తంలో ఉంది, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు పాపం. అన్న మొహం గుర్తున్న కాపలావాడు తమ్ముణ్ణి చూసి కాస్త పోలిక పట్టి చెయ్యి వేస్తాడు, కాపలావాళ్ళు నిండుగా ఉంటే ఆ పట్టు చాలు, పలచగా ఉంటే చెయ్యి వేశాడన్న మాటే గాని కట్టెయ్యలేడు. తెల్లకణానికి ఇదంతా తెలియదు. మనవాడే పట్టుకొచ్చాడు కదా అని, ఆ కాపలావాడి చెయ్యందుకుని, వాడితోపాటు దొంగనూ కలిపి మింగేస్తుంది. మామూలుగా దొరకని తలుపు, బాజా భజంత్రీలతో తెరుచుకుంటుంది. రెండోసారి డెంగీ వచ్చినవాళ్ళకు మొదటిసారికన్నా ముప్పు ఎక్కువ అనడానికి ఇదొక కారణం. ఆమె ఆ మధ్య గుంటల ఫొటో పెద్దది చేసి గది గోడకు అంటించుకుంది. చూసిన ప్రతివాళ్ళూ ఎంత బావుందో అన్నారు.

పాప చెయ్యి చల్లగా తగిలింది. అరచేయి కాదు, వేళ్ళ చివర్లు. దుప్పటి కప్పి తన గుప్పిట్లో పెట్టుకుంది. కడుపుతో ఉన్నప్పుడు భర్తతో ఎన్ని కోతలు కోసింది! నా రక్తంలో ఉన్న కాపలా అంతా బొడ్డుతాడు దారినే దీనికి పోతోంది తెలుసా, పుట్టాక కొన్నాళ్ళపాటు దీని ఒంట్లో తిరిగేది నా సైన్యమే, అని పొట్ట నిమురుకుంటూ చెప్పింది. అతను చెవి పొట్టకు ఆనించి, ఏరా, మీ అమ్మ సైన్యం వచ్చిందా, అని అడిగాడు. నిజమే, వచ్చింది. నిండుగా వచ్చింది. ఆ మొదటి నెలల్లో పాప దగ్గరికి ఏ జ్వరమూ రాలేదు. కానీ అరువు సైన్యం ఎన్నాళ్ళుంటుంది, నెల నెలా కరుగుతూ పోతుంది, చిక్కటి గుంట, పలచటి గుంట, ఇంకా పలచటి గుంట. ఏడో నెల వచ్చేసరికి... అయ్యో, తన చేతుల్తో తను ఎన్నిసార్లు కలిపింది ఆ పలచనను, గోడకు అంటించుకుంది కూడా, ఇంట్లో ఊయలలో అదే ప్లేటు నడుస్తోందని ఒక్కనాడైనా తట్టిందా? పసిపిల్లకు ఇది మొదటి జ్వరమే. అయినా ఒళ్ళు రెండోసారి వచ్చినట్టు కూలిపోతోంది, ఎందుకంటే మొదటిసారి వచ్చింది అమ్మకు. అత్తగారు నిన్న, నీ పాలేమైనా పడటం లేదేమో మానిపించు, అంది. పాలు కాదు. పాల దాకా రానక్కర్లేదు. అంతకుముందే, బిడ్డ ఇంకా వెలుతురు చూడకముందే, అమ్మ ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది.

డాక్టరమ్మ నడిచి రాలేదు, దాదాపు పరిగెత్తి వచ్చింది. చిన్నవయసు మనిషి. వెనకే నర్సమ్మ. చిక్కదనం బాగా పెరిగిందనీ, సెలైను వేగం పెంచుతున్నాననీ, ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లో చేరుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా చూస్తూ పెంచాలనీ చెబుతూనే పాప పొట్ట తడిమింది, వేలు నొక్కింది, నాడి పట్టుకుంది. ఇంటికెళ్ళడం అనే మాట సంచితోపాటు మంచం కిందికి పోయింది. భర్త మొహం తెల్లబోయి, జ్వరం లేదు కదండీ, జ్వరమే లేదు కదా, అని ఆ ఒక్క మాటే పట్టుకుని వేలాడాడు. అతన్నీ అత్తగారినీ తెర అవతలికి పంపించేశారు. తెర ఇవతల డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"మీకెప్పుడైనా డెంగీ వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. చదువుకునే రోజుల్లో."

డాక్టరమ్మ ఒక క్షణం ఆమె కళ్ళలోకి చూసింది. ఈమె ఏం పని చేస్తుందో తెలుసు కాబట్టి ఇద్దరికీ ఇంకేమీ చెప్పుకోవాల్సిన పని లేకపోయింది. మీ తప్పేం లేదు, అని భుజం తట్టి పక్క మంచానికి వెళ్ళిపోయింది. తప్పు లేదట! అదే కదా అసలు ఏడుపు. తప్పు ఉంటే కాళ్ళ మీద పడొచ్చు, లెంపలేసుకోవచ్చు, ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టు పెట్టుకోవచ్చు. ఉద్యోగమైతే మానెయ్యొచ్చు, రక్తాన్ని ఎలా మానేస్తుంది? రేపు ఇంకో బిడ్డ పుడితే దానికీ ఇదే సారె పెట్టి పంపుతుంది. సెలైను చుక్క పడింది, ఇంకో చుక్క పడింది. దీనికి మందు లేదని లోకమంతటికీ చెప్పే మనిషి, ఇప్పుడు ఆ ఉప్పునీళ్ళ చుక్కల్ని చూస్తూ, పడవే, పడవే, అని లోపల్లోపల బతిమాలుతోంది. పాప ఏడవడం లేదు. ఏడిస్తే బావుండును. కళ్ళు సగం మూసుకుని, పెదాలు కొంచెం తెరిచి, ఎక్కడికో వెళ్ళడానికి బయల్దేరినదానిలా ఉంది. వెళ్ళకు. అమ్మను ఇక్కడే ఉన్నా, నా వల్లే అయినా నా దగ్గరే ఉండు. వేలు నొక్కింది. తెలుపు. వదిలింది. తెలుపు, తెలుపు, ఇంకా తెలుపే, అప్పుడు ఎరుపు.

మనసు పాడుగాను, ఇంత భయంలోనూ అది లెక్కలు తీస్తూనే ఉంది. సరే, కాపలా నాది, కానీ దొంగ ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఆ జాతి దోమ పగలే కుడుతుంది, మంచినీళ్ళలోనే పుడుతుంది. పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? బాల్కనీలో అత్తగారి పూలకుండీలు ఉన్నాయి, కింద నీళ్ళు కారకుండా ఒక్కోదాని కిందా ఒక పళ్ళెం, పళ్ళేల్లో ఎప్పుడూ నిలవనీళ్ళు, ఆ పక్కనే పాప చాప. ఎన్నిసార్లు చెప్పింది, పారబొయ్యండత్తయ్యా, పురుగు తిరుగుతోంది చూడండి, అని. శుభ్రమైన నీళ్ళేనమ్మా, మొక్కలకి వేరు చల్లగా ఉండాలి, అనేది ఆవిడ. తను పారబోస్తే సాయంత్రానికి మళ్ళీ నింపేది. అత్తగారు గోడతో మాట్లాడిన మొదటిరోజే ఆమె నాలిక చివరిదాకా వచ్చింది ఈ మాట. మింగేసింది. మీ పళ్ళెం అంటే నీ ల్యాబు అంటారు, నా ల్యాబు కాదంటే మరి ఇంతమంది పిల్లల్ని కుట్టినా దీనికే ఎందుకింత అంటారు, అప్పుడు చెప్పాల్సి వచ్చే మాట ఒక్కటే మిగులుతుంది. ఆ మాట దాకా ఎవర్నీ రానివ్వకూడదని నోరు కుట్టేసుకుంది. అదీ సంగతి, ఇన్నాళ్ళూ ఇంట్లో ఆమెను ఓపికమంతురాలనుకున్నారు.

ఉన్నట్టుండి ఒళ్ళో వెచ్చగా తగిలింది. మొదట అర్థం కాలేదు, సెలైను గొట్టం ఊడిందేమోనని తడిమి చూసింది. తర్వాత వాసన వచ్చింది. పాప గుడ్డ తడిపింది, గుడ్డ దాటి, తల్లి బట్టలు దాటి, పరుపు దాకా తడిపింది, తడిపి, చిరాగ్గా కాళ్ళు తన్నుకుని, కీచుమని ఏడుపు లంకించుకుంది. ఏడవ్వే నా తల్లీ, ఏడువు, ఊరంతా వినపడేలా ఏడువు. నర్సమ్మ చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది, డాక్టరమ్మను పిలుచుకొచ్చింది, డాక్టరమ్మ వేలు నొక్కింది, ఎరుపు గబుక్కున వచ్చింది. రేపటి దాకా కళ్ళల్లో వత్తులేసుకుని చూడాలి గాని గట్టెక్కుతోంది అంది. భర్త తెర పక్కకు లాగి, తడిబట్టల్లో ఉన్న భార్యనూ బిడ్డనూ చూసి, ఏడ్చి, మళ్ళీ ఫోను పట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు.

ఆమెకు మాత్రం ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. పాప బతికింది. బతికి, ఈ రోజునుంచి తన సొంత కాపలాను తయారుచేసుకుంటుంది, ఒకడి మొహం గుర్తుపెట్టుకుంటుంది. ఇంకా ముగ్గురు అన్నదమ్ములున్నారు బయట. ఈసారి అమ్మ రక్తం మోసం చేసింది, వచ్చేసారి దాని రక్తమే చేస్తుందేమో. ఇది ఎవరికి చెప్పుకోవాలి? ఏ బాణం గీసి చూపించాలి?

అత్తగారు మంచం అంచున మెల్లగా కూర్చుంది. ఆవిడ కొంగు నలిగిపోయి ఉంది, ఇందాక తెర అవతల నిలబడి దాన్ని ఎంతసేపు పిండిందో. కొడుకు వరండా చివరిదాకా వెళ్ళాడా లేదా అని ఒకసారి చూసుకుంది. ఎప్పుడూ గోడతో మాట్లాడే మనిషి, ఈసారి కోడలి మొహంలోకి చూసింది.

"అమ్మాయ్, ఒకటడుగుతాను. వాడితో అననులే, నాకు చెప్పు. ఆ పళ్ళేల్లో నీళ్ళు... నువ్వు పారబొయ్యమంటే నేను పంతానికి మళ్ళీ పోశాను. మొదటిరోజునుంచీ నాకు అదే భయం. దానివల్లేనా?"

అంటే ఆ గోడతో చెప్పిన మాటలన్నీ ఇందుకన్నమాట. ల్యాబు ల్యాబు అని ఊదరగొట్టింది, ఆ పళ్ళేలు తనకే కనపడకుండా ఉండాలని. ఇద్దరూ ఒకే మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకే భయాన్ని రెండు వైపులనుంచి నములుతున్నారు. ఇప్పుడు చెప్పొచ్చు. దోమ మీ పళ్ళెంలోదే అయ్యుంటుంది అత్తయ్యా, కానీ ఇంత ప్రాణం మీదికి తెచ్చింది నా రక్తం, అని చెబితే చాలు, ముసలావిడ సగం బరువు దిగుతుంది, బహుశా తనదీ. ఆవిడ కళ్ళు అలాగే అడుగుతున్నాయి, కాదని చెప్పవే, లేదంటే కాస్తయినా పంచుకోవే, అని. ఆమె పాప బొటనవేలు మరోసారి నొక్కి చూసి, వదిలింది.

"అవునత్తయ్యా. ఆ నీళ్ళవల్లే."

అబద్ధమేం కాదు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, ఏ డాక్టరును పిలిచి అడిగినా తల ఊపుతాడు. అందుకే ఇక ఆ మాటను వెనక్కి తీసుకునే అవసరం జన్మలో రాదు. అన్నాక, పొద్దుటినుంచి బిగుసుకుపోయిన గుండెల్లో ఏదో సడలి, ఊపిరి హాయిగా ఆడింది. అలా ఆడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా ఆడింది. పాప తడిసిన గుడ్డలో ఇంకా ఏడుస్తూనే ఉంది, ముసలావిడ ఎత్తుకుందామని అలవాటుగా చేతులు చాచి, సగంలో ఆగి, వాటిని మళ్ళీ తన ఒళ్ళోకి లాక్కుంది. గుడ్డ తల్లే మార్చింది.